భానుపురి వాకిట పొద్దుపొడుపు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వేకువ వందనాలు: వాటి అర్థం, వాటి బరువు

సూర్యాపేట: తెల్లవారుజామున నాలుగున్నర గంటలు. హైదరాబాదు - విజయవాడ రహదారిపై బస్సులు, లారీలు రాత్రంతా ఆగలేదు. ఇప్పుడూ ఆగవు. కాని రహదారి వదిలి నాలుగడుగులు వీధిలోకి నడిస్తే మరో చప్పుడు వినవస్తుంది. అది చీపురు చప్పుడు. ఆ వెనకే బకెట్టు నీళ్లు వాకిట్లో చిమ్మిన చప్పుడు. ఇంకా కోడి కూయలేదు. వాకిలి మాత్రం అప్పుడే తడిసింది.

నల్లగొండ పల్లెల్లో ఈ వేళను "మబ్బుల" అంటారు. ఫలానావాడు మబ్బుల్నే లేచిండంటే, ఇంకా చీకటి ఉండగానే లేచాడని అర్థం. ఆకాశంలోని మేఘాలతో ఆ మాటకు పని లేదు. ఆ చీకటికీ పొద్దుపొడుపుకూ నడుమ ఉండే గంటన్నర కాలంలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎవరి తీరున వారు కొత్త రోజుకు దండం పెడతారు. ఒకరు ముగ్గుతో, ఒకరు అర్ఘ్యంతో, ఒకరు నమాజుతో, ఒకరు తాటిచెట్టు మొదలును కళ్లకద్దుకుని.

ఇవి పాఠకులు ఎరుగని ఆచారాలు కావు. రోజూ కళ్లముందు ఉన్నవే. రోజూ ఉన్నందువల్లనే వాటి అర్థం ఏమిటో, ఆ బరువు ఎవరి భుజాన పడుతున్నదో మనం అడగడం మానేశాము.

పేరులోనే పొద్దు

సూర్యాపేటకు భానుపురి అని పాత పేరున్నది. భానుడన్నా సూర్యుడన్నా ఒకటే కనుక పేరు మారినా ఊరి పేరులో పొద్దు పోలేదు. 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లా నుంచి విడిపడి కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ ఇటు వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. జిల్లాలు రెండయినా ఈ మూడు పట్టణాలదీ ఒకే నేల, ఒకే మాట, ఒకే పొద్దు.

ఈ ప్రాంతపు పాత గుడులకు సూర్యుడు పరాయివాడు కాడు. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు దేవాలయాలు, 1195, 1208 సంవత్సరాల నాటి శాసనాలు ఉన్నాయి. ఆ కాలపు వారికి మూడు గర్భగుడులను ఒకే మండపం చుట్టూ నిర్మించే అలవాటున్నది. దాన్నే త్రికూటమంటారు. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి అటువంటిదే. అందులో శివునికి, విష్ణువుకు సరసన మూడవ స్థానం సూర్యునిది. నల్లగొండ దగ్గరి పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం కూడా త్రికూటమే. అక్కడ లింగం వెనక పగలంతా ఒక నీడ చెదరకుండా నిలవడం చూపరులను నేటికీ ఆశ్చర్యపరుస్తున్నది. పొద్దు నడకను, వెలుగు పడే తీరును బాగా ఎరిగిన శిల్పుల పనితనం అది.

ఏటికేడు పొద్దు నడకలో వచ్చే తేడా ఇక్కడ చిన్నదేమీ కాదు. సూర్యాపేట ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. జనవరి నడిమిలో ఇక్కడ సూర్యోదయం 6.45 గంటల ప్రాంతంలో అవుతుంది. మే నెలాఖరుకు అది 5.40 లోపే. అంటే వేకువనే లేచేవారు కాలాన్నిబట్టి గంటకు పైగా ముందువెనకలు కావలసిందే. గడియారం చూసి లేచేవానికి ఈ సంగతి పట్టదు. పొద్దును చూసి లేచేవానికి ఏడాదిలో ఏ రెండు నెలలూ ఒక్కలా ఉండవు.

వాకిలే తొలి గుడి

పొద్దుకు పెట్టే దండాల్లో అన్నిటికంటె ముందుది, అన్ని కులాల ఇండ్లలోనూ ఉన్నది వాకిలి పని. ఊడ్చి, పెండనీళ్లతో సానుపు చల్లి, ముగ్గు వేసి, గడపకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టడం. దీనికి మంత్రం లేదు, ముహూర్తం లేదు, పూజారి లేడు. ఇంటి ఆడమనిషి చేయి, పిడికెడు ముగ్గు చాలు.

దీని అర్థాన్ని పెద్దలు రెండు మూడు తీరుల చెబుతారు. తెల్లవారగానే లక్ష్మి వీధివెంట వస్తుందని, వాకిలి శుభ్రంగా లేని ఇంటి ముందు ఆగదని ఒక మాట. బియ్యప్పిండి ముగ్గు చీమలకు, పిట్టలకు తొలి ముద్ద అని ఇంకొక మాట. మూడవది ఎవరూ పనిగట్టుకుని చెప్పకపోయినా ఊరందరికీ తెలిసినది. ముగ్గు పడిన వాకిలి చూస్తే ఆ ఇంట్లో అంతా క్షేమమని అర్థం. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండదు. పొద్దెక్కినా ముగ్గు పడని వాకిలిని చూసి పక్కింటివారు లోపలికి తొంగిచూసి ఏమయిందని అడగడం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నది. ఇది ఒక విధంగా ఊరికి ఊరు రోజూ చెప్పుకునే క్షేమ సమాచారం.

పశువులు తగ్గాయి. వాకిళ్లకు సిమెంటు వచ్చింది. పట్టణంలో పెండ దొరకడం కష్టమయింది. దానితో నీళ్లలో పచ్చరంగు పొడి కలిపి చల్లడం కొన్నేళ్లుగా చాలా ఇండ్లలో మొదలయింది. చూపుకు సానుపులాగే ఉంటుంది. కాని ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. తమిళనాడులో కోయంబత్తూరు పరిసరాల్లో ఇలాగే పేడకు బదులుగా అమ్మిన పసుపు, ఆకుపచ్చ రంగుపొడులు కడుపులోకి పోయి ప్రాణాలు తీసిన సంఘటనలను వైద్యులు నమోదు చేశారు. ఆరమిన్, మాలకైట్ గ్రీన్ అనే రసాయన రంగులు ఆ పొడుల్లో ఉన్నట్టు తేలింది. లక్ష్మిని పిలవడానికి చల్లే నీళ్లలో విషం కలపనక్కరలేదు. పెండ లేనినాడు ఒట్టి నీళ్లు చల్లి ముగ్గు వేసినా ఆచారానికి వచ్చిన లోటేమీ లేదు.

వాకిలి సంగతి చెప్పుకునేటప్పుడు వీధి సంగతి మరువరాదు. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో సూర్యాపేట పురపాలక సంఘం ఇంటింటా తడిచెత్త, పొడిచెత్త వేరుచేయించి దేశంలోని ఎన్నో పట్టణాలకు ఆదర్శమయింది. ఆ పేరు వెనక మబ్బుల్నే లేచి వీధికెక్కిన పారిశుద్ధ్య కార్మికుల చీపుళ్లున్నాయి. గృహిణి తన వాకిలి ఊడ్చే వేళకు వారు ఊరి వాకిలి ఊడ్చివుంటారు. ఆ పనిని కూడా పొద్దుకు దండమనే అనాలి. ఆ చేతులకు దండం పెట్టేవారు మాత్రం తక్కువ.

చెట్టుకు, నేలకు, స్టీరింగుకు

చేసే పనికి దండం పెట్టి దిగడం ఈ ప్రాంతపు కష్టజీవుల వేకువ ఆచారం. కల్లుగీసే గౌడన్న చీకట్లోనే మోకు, ముస్తాదు సర్దుకుని తాళ్లలోకి పోతాడు. చెట్టు మొదట నిలిచి, చేత్తో తాకి కళ్లకద్దుకుని, కాటమయ్యను తలచుకుని మోకు వేస్తాడు. అంత ఎత్తున మోకు జారితే ఇంటికి వచ్చేది మనిషి కాదు, కబురు. అందువల్ల ఆ దండంలో భక్తి ఎంతున్నదో భయమూ అంతే ఉన్నది, లెక్కా అంతే ఉన్నది. మోకు ముడి, కాలి పట్టు, చెట్టు తడి ఆ ఒక్క క్షణం ఆగినప్పుడే చూసుకుంటాడు.

రైతుది మరో తీరు. నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు 1967లో నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో మెట్టచేలు వరిమళ్లయ్యాయి. అంతకుముందు వాన కోసం ఆకాశం వైపు చూసిన రైతు, ఆ తరువాత నీటి వంతు కోసం కాల్వ వైపు చూడడం నేర్చుకున్నాడు. అయినా ఏరువాకనాడు నాగలి కట్టేటప్పుడు తూర్పు తిరిగి దండం పెట్టడం పోలేదు. నాగలి స్థానంలో ట్రాక్టరు వచ్చింది. బొట్టు దాని నుదుట పడుతున్నది. నాట్లకు పోయే కూలి తల్లులు సద్ది కట్టుకుని పొద్దు పొడవకముందే ఆటోలెక్కుతారు. బురదలో తొలి కాలు పెట్టేముందు వంగి మట్టిని తాకి నొసటికి అద్దుకునే చేతులు వారిలో ఉన్నాయి.

రహదారి పొడవునా ఇదే కానవస్తుంది. తొలి ట్రిప్పు బస్సు డ్రైవరు స్టీరింగును తాకి కళ్లకద్దుకున్న తరువాతనే తాళం తిప్పుతాడు. టీ కొట్టులో తొలి గ్లాసు కొందరు నేలకు పోస్తారు. దుకాణం తలుపు తీసినవాడు నీళ్లు చల్లి, ఊదుబత్తి ముట్టించి, బోణీ బేరాన్ని కళ్లకద్దుకుని పెట్టెలో వేస్తాడు. చదువుకున్నవారు కొందరు దీన్ని మూఢనమ్మకమని తీసివేస్తారు. కాని బోణీ కళ్లకద్దుకునే చేయి ఒక సంగతి ఒప్పుకుంటున్నది. ఈ రోజు గిరాకీ వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు, వచ్చినది తన గొప్ప కాదు అని.

సంగమంలో దోసెడు నీళ్లు

మిర్యాలగూడ దాటి దామరచర్ల మండలంలో వాడపల్లి ఉన్నది. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. సంగమం ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వరాలయం, లక్ష్మీనరసింహాలయం ఉన్నాయి. ఈ దేవుళ్లను అగస్త్య మహర్షి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. రామాయణ యుద్ధకాండలో అలసిన రాముడికి ఆదిత్యహృదయం ఉపదేశించినది కూడా ఆ అగస్త్యుడే. పొద్దుకు మొక్కడం నేర్పిన ఋషి పేరు మీద మన జిల్లాలో ఒక ఏటి ఒడ్డు ఉండడం ముచ్చటైన సంగతి. కార్తికంలో, మాఘంలో వేకువ స్నానాలకు అటు వాడపల్లికి, ఇటు మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిలోని కృష్ణ రేవుకు జనం పోతారు.

స్నానం చేసి నడుము లోతు నీటిలో నిలిచి, దోసిట నీళ్లెత్తి తూర్పుకు వదలడమే అర్ఘ్యం. సంధ్యావందనంలో దీనికి ముఖ్యస్థానం. సంధ్య అంటే కూడిక. రాత్రి పగటితో కలిసే వేళ అది. అప్పుడు జపించే గాయత్రి ఋగ్వేదం మూడవ మండలంలోనిది. దాని ఋషి విశ్వామిత్రుడు, దేవత సవితృడు. ఆ మంత్రం కోరేది ధనం కాదు, ధాన్యం కాదు. బుద్ధిని మంచి దారిన నడపమని మాత్రమే కోరుతుంది. అయితే ఉపనయనమైన మగవారికే ఆ మంత్రమని కట్టడి పెట్టిన కాలమూ ఉన్నది. ఆ కట్టడి మంత్రానికే. పొద్దుకు కట్టడి లేదు. మంత్రం అందనివారు ముగ్గు వేశారు, మొక్కారు, మట్టిని ముట్టారు.

అర్ఘ్యానికి పురాణం ఒక కథ చెబుతుంది. మందేహులనే రాక్షసులు రోజూ ఉదయాన సూర్యుణ్ణి అడ్డగిస్తారని, మనుషులు వదిలిన నీళ్లు వజ్రాయుధాలై వారిని తరిమివేస్తాయని. అంటే ఈ కథలో మనిషి దోసెడు నీళ్లు పోయకపోతే సూర్యునికి దారి దొరకదు. బడిపిల్లవానికి కూడా తెలిసిన నిజం వేరు. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నది, మనం నిద్రపోయినా తెల్లవారుతుంది. మరి కథ ఎందుకు? సూర్యునికి మన సాయం అక్కరలేకపోవచ్చు. తెల్లవారడంలో తనకూ ఒక పాలున్నదని అనుకున్న మనిషి ఆ రోజును వేరుగా గడుపుతాడు. కథ చేసే మేలు అది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. వాడపల్లి చేరే మూసీ హైదరాబాదు మురుగును మోసుకుని బయలుదేరిన మూసీ. పొద్దుకు అర్పించడానికి దోసిట ఎత్తే నీటిని ముందు మనమే చెడగొట్టుకున్నాము. నది బాగుపడితే తప్ప అర్ఘ్యానికి నిండుదనం రాదు.

పొద్దు పొడవకముందే ఫజర్

సూర్యాపేటలోనూ కోదాడలోనూ మిర్యాలగూడలోనూ మసీదు నుంచి తొలి అజాన్ వినవచ్చేది ఈ చీకటి వేళలోనే. రోజు అయిదు నమాజుల్లో మొదటిది ఫజర్. ఈ వేళ అజాన్‌లో మిగతా నాలుగింట లేని మాట ఒకటి అదనంగా ఉంటుంది. నిద్రకంటె ప్రార్థన మేలని దాని తాత్పర్యం. వజూ చేసి, అంటే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని, వరుసలో నిలబడి రెండు రకాతుల విధి నమాజు చేస్తారు.

దీనిలో గమనించదగిన విశేషం ఒకటున్నది. తూర్పున తొలి వెలుగు అడ్డంగా పరచుకున్నది మొదలు సూర్యబింబం కనిపించేలోపలే ఫజర్ ముగియాలి. సరిగ్గా పొద్దు పొడిచే క్షణాన నమాజు చేయరాదని నియమం. మొక్కు సూర్యునికి కాదు, సూర్యుణ్ణి పుట్టించినవానికి అన్న తేడా చెరగకూడదనే ఆ జాగ్రత్త. ఒక ఇంటివారు సూర్యబింబం కోసం ఎదురుచూస్తున్నారు, పక్కింటివారు బింబం రాకముందే ప్రార్థన ముగించారు. ఇద్దరూ లేచినది మాత్రం ఒకే చీకటిలో. ఫజర్ ముగించుకుని వచ్చే సాయిబుగారికి వాకిట ముగ్గు వేస్తున్న పక్కింటి తల్లి ఎదురుపడడం ఈ ఊళ్లలో రోజూ జరిగేదే. ఆయన ముగ్గు తొక్కకుండా పక్కకు తప్పుకుని నడుస్తాడు. ఆమె నీళ్లు ఆయన మీద పడకుండా చేయి ఆపుతుంది. మత సామరస్యమని మనం సభల్లో చెప్పుకునేదానికి ఇంతకంటె పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

క్రైస్తవ కుటుంబాలకు ఏడాదిలో పెద్ద వేకువ ఈస్టరుది. ఆదివారం ఇంకా తెల్లవారకముందే స్త్రీలు సమాధి దగ్గరికి వెళ్లి అది ఖాళీగా ఉండడం చూశారని సువార్తలు చెబుతాయి. అందుకే తెలుగు నాట సంఘాలు ఈస్టరునాడు చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు పోతాయి. ముందుగా సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరచి ఉంచుతారు. చనిపోయిన తమవారి నడుమ నిలిచి పొద్దుపొడుపును చూడడం ఆ ఆరాధన. చావు మీద వెలుగుదే పైచేయి అన్న మాటను వారు చెవులతో వినడమే కాకుండా కళ్లతో చూస్తారు.

దేవుణ్ణి నమ్మనివారి సంగతి కూడా చెప్పాలి. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి ఈ తాలూకాలు పట్టుకొమ్మలు. రాత్రంతా కాపలా కాసి తెల్లవారడం కోసం ఎదురుచూసిన ఆ తరానికి వేకువ అంటే భూమి, కూలి, మాట స్వేచ్ఛ. ఉదయమన్న మాట గుళ్లోనూ మసీదులోనూ ఎంత పవిత్రమో ఇక్కడి ఉద్యమంలోనూ అంతే పవిత్రమయింది.

పన్నెండు నెలల వేకువలు

ఏడాదిలో కొన్ని నెలలకు వేకువే ప్రధానం. కార్తికంలో తలస్నానం, తులసి ముందు దీపం. డిసెంబరు నడుమ ధనుర్మాసం ప్రవేశిస్తుంది. వైష్ణవాలయాల్లో నెల రోజులు ఆండాళ్ తిరుప్పావై పాశురాలు ముప్పై, రోజుకొకటి చొప్పున సాగుతాయి. తిరుమలలోనూ ఆ నెలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావైతోనే స్వామిని మేల్కొలుపుతారు. వీధుల్లో పెద్ద ముగ్గులు, గొబ్బెమ్మలు, గుమ్మడి పూలు. ఆ మంచులోనే హరిదాసు వస్తాడు, బుడబుక్కలవాడు డమరుకం మోగిస్తూ తెల్లవారకముందే వాకిట నిలిచి జోస్యం చెబుతాడు. గంటలు, శంఖంతో జంగమయ్య వస్తాడు. ఊరిని మేల్కొలిపి ఆ పుణ్యానికి పిడికెడు బియ్యం పుచ్చుకుపోయే ఈ వృత్తులవారు ఏటికేడు తగ్గిపోతున్నారు.

మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. తలమీద, భుజాలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేస్తారు. ఆరుబయట పొద్దు తగిలే చోట పిడకల మీద కొత్త గురిగిలో పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యునికి నివేదిస్తారు. చిక్కుడు కాయలు, పుల్లలతో చిన్న రథం కడతారు. మాఘంలోని ఆదివారాలనూ ఇలాగే జరుపుకునే ఇండ్లున్నాయి. ఈ పండుగకు రాష్ట్రమంతటా పేరున్న క్షేత్రం శ్రీకాకుళం పక్కనున్న అరసవల్లి. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు తొలి కిరణాలు సరాసరి మూలవిరాట్టు పాదాలను తాకడం అక్కడి విశేషం. అరసవల్లి పోలేనివారికి తమ వాకిట్లో పొంగిన పాలే అరసవల్లి.

మైకు పాడితే మనం పాడినట్టా?

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో వేంకటేశ సుప్రభాతం 1963లో గ్రామఫోను రికార్డుగా వచ్చింది. అంతవరకు కొండమీద స్వామి ఒక్కడే వింటూ మేల్కొన్న స్తోత్రాన్ని ఆ రికార్డు ఇంటింటికీ తెచ్చింది. రేడియో, టేపు, ఇప్పుడు చేతిలోని ఫోను. ఇందులో తప్పు లేదు. తగాదా వచ్చినది మైకు గుడి గోపురం మీదికి, మసీదు మినారు మీదికి, చర్చి కప్పు మీదికి ఎక్కిన తరువాతనే.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు గంటల వరకు బహిరంగంగా లౌడుస్పీకరు వాడరాదు. 2005లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నొక్కి చెప్పింది. పండుగల కోసం ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా ఇచ్చే సడలింపు కూడా అర్ధరాత్రి వరకే. తెల్లవారుజాముకు అది వర్తించదు. ఈ నియమం అన్ని మతాలకూ ఒకటే. పరీక్షకు చదువుకునే పిల్లలు, బాలింతలు, రోగులు, రాత్రి డ్యూటీ చేసి అప్పుడే పడుకున్నవారు అన్ని వీధుల్లోనూ ఉన్నారు. అయితే అవతలివాడు ముందు తగ్గించాలని ప్రతివారూ చూస్తున్నందున ఎవరిదీ తగ్గడం లేదు.

చట్టం సంగతి అలా ఉంచి, భక్తి సంగతే చూద్దాము. వేకువ దండానికి ప్రాణం ఆ నిశ్శబ్దం. గౌడన్న కాటమయ్యను తలచుకునేది పెదవి కదలకుండానే. ఫజర్‌కు లేచిన తాత వజూ నీళ్లు చప్పుడు కాకుండా పోసుకునేది మనుమడు లేవకూడదనే. మీట నొక్కి మైకు చేత ఊరంతటికీ దండం పెట్టించి తాను మళ్లీ పడుకున్నవాడు ఎవరి పుణ్యం సంపాదించినట్టు?

మొదట లేచేదెవరు, చివర పడుకునేదెవరు?

వేకువను ఎంత పొగిడినా ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. బ్రాహ్మీ ముహూర్తం గొప్పదని, అంటే సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగిసే వేళ గొప్పదని శాస్త్రం చెబుతుంది. ఆ వేళకు ఇంట్లో లేచివుండేది ఎక్కువగా ఆడవారే. వాకిలి, అంట్లు, పొయ్యి, పిల్లల డబ్బాలు, ఆ తరువాత పొలమో కూలో కొలువో. రాత్రి అందరికంటె చివర పడుకునేదీ వారే. ముగ్గు పుణ్యం ఇంటిల్లిపాదికీ, నిద్ర నష్టం ఒక్కరికేనా? ఆచారం నిలవాలని కోరుకునే మగవాడు చీపురు తాను పట్టి, ముగ్గు ఆమెకు వదిలితే ఆచారానికేమీ భంగం రాదు. పైగా అది ఇంకొక తరం నిలుస్తుంది.

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో రాత్రి షిఫ్టు దిగిన హమాలీకి వేకువ ఇంటికి పోయే వేళ. అందరూ సుప్రభాతం వినే సమయానికి అతనికి పడుకునే పాట కావాలి. కోదాడలో, సూర్యాపేటలో హాస్టళ్ల పిల్లలను అయిదింటికే లేపి స్టడీ అవరుకు కూర్చోబెడుతున్నారు. ట్యూబులైటు కింద కూర్చున్న ఆ పిల్లలు ఏడాది పొడవునా వేకువనే లేస్తారు, ఒక్కనాడూ పొద్దుపొడుపు చూడరు. పది నిమిషాలు డాబా మీదికి పంపితే వారి చదువు చెడదు.

ఉదయపు వెలుగుకు శరీరంతో ఉన్న సంబంధం ఇప్పుడు నమ్మకం మాత్రమే కాదు. మన శరీరంలోని కణాల్లో ఇరవైనాలుగు గంటల గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారాన్ని ఏ రోజుకారోజు సరిదిద్దే ముఖ్య సాధనం పగటి వెలుగు. ముఖ్యంగా ఉదయపు వెలుగు. అలాగని సూర్యబింబాన్ని రెప్ప వేయకుండా చూడడం కంటికి చేటు. దండం పెట్టడానికి కళ్లు మూసుకోవడమే మన అలవాటు, అదే మంచిది.

రోజు మనకు బాకీ లేదు

ముగ్గు, మోకు, అర్ఘ్యం, ఫజర్, ఈస్టరు కొవ్వొత్తి, బోణీ రూపాయి. వీటి దేవుళ్లు వేరు, మాటలు వేరు. వీటిని ఒకచోట చేర్చి చూస్తే కనిపించే అర్థం ఒక్కటే. రాత్రి పడుకున్నవారందరూ లేవరు. లేచినవారికి దొరికినది ఒక రోజు. అది మనకు ఎవరూ బాకీపడినది కాదు. బాకీ కానిదాన్ని పుచ్చుకునేటప్పుడు రెండు చేతులూ చాచడం, ఒక క్షణం తల వంచడం మన పెద్దలు నేర్పిన మర్యాద. ఆ మర్యాద నేర్చినవాడు ఆ రోజున ఇంకొకరి నోరు కొట్టడానికి ఒకసారి వెనకాడుతాడని వారి ఆశ. ఆ ఆశ ప్రతిరోజూ ఫలించకపోవచ్చు. అందుకేనేమో ప్రతిరోజూ మళ్లీ మొదటినుంచి దండం పెట్టమన్నారు.

సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద వేకువనే నడిచేవారు ఇప్పుడు బాగా పెరిగారు. షుగరు తగ్గాలని కొందరు, డాక్టరు చెప్పాడని కొందరు. చెవిలో ఫోను పాట, చేతికి అడుగులు లెక్కించే గడియారం. అయినా నీటి అవతల ఎర్రగా పొద్దు పొడిచే నిమిషానికి వారిలో కొందరు తమకు తెలియకుండానే ఆగిపోతారు. ఒకరిద్దరి చేతులు వాటంతటవే జోడవుతాయి. తరువాత చుట్టూ చూసి, ఎవరైనా చూశారేమోనని కాస్త సిగ్గుపడి, మళ్లీ నడక సాగిస్తారు.

సిగ్గుపడనక్కరలేదు. ఊరి పేరే భానుపురి.